మోటారు పోయిందని కంప్రెసర్ పారేసే ముందు

మీరు రాసిన దాంట్లో ముఖ్యమైనవి ఇవి. మీది 24 లీటర్ల ట్యాంకు, ఆయిల్ పోసే రకం, డైరెక్ట్ డ్రైవ్ (బెల్టు లేకుండా మోటారే నేరుగా పంపుని తిప్పే) కంప్రెసర్. ఖాళీ ట్యాంకుతో స్విచ్ వేస్తే మామూలుగానే మొదలై 8 బార్ (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) దగ్గర ఆగుతుంది. గాలి వాడాక 6 బార్‌కి దిగి మళ్లీ తిరగాల్సిన చోట మాత్రం గుయ్యిమని మూలుగుతుంది, తిరగదు, కాసేపటికి ట్రిప్ అవుతుంది. కొత్తలో రెండు నిమిషాల్లో నిండే ట్యాంకుకి ఇప్పుడు ఐదు నిమిషాలు పడుతోంది. మెకానిక్ చూసి మోటారు పోయిందని, రిపేరు దండగని, కొత్తది కొనుక్కోమని చెప్పారు. వీటికి తోడు కారులో పెట్టుకునే 12 వోల్టుల చిన్న పంపు కూడా పనిచేయడం లేదు.

మోటారు పోయిందన్న మాట నేను నమ్మను. వైండింగ్, అంటే లోపలి తీగ చుట్టలు, కాలిన మోటారు ట్యాంకు ఖాళీగా ఉంటే బాగా తిరగడం, నిండుగా ఉంటే మొరాయించడం చేయదు. పైగా మీరే ఒక మాట రాశారు: ఇదివరకు ఆగిన ప్రతిసారీ తుస్సుమని శబ్దం వచ్చేదట, ఈ మధ్య అది లేకుండా నిశ్శబ్దంగా ఆగుతోందట. అదేదో మంచికే అన్నట్టు రాశారు గానీ, నాకు అనుమానం అక్కడే.

ఆ తుస్సు ఎక్కడిదో చెప్తాను. పంపు హెడ్ (సిలిండరు పైమూత) నుంచి ఒక లావు గొట్టం ట్యాంకులోకి వెళ్తుంది. అది ట్యాంకుని కలిసే చోట నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటుంది. ట్యాంకులోకి వెళ్లిన గాలిని వెనక్కి రానివ్వకపోవడం దాని పని. ఆ వాల్వ్ పక్క నుంచే పెన్సిల్ కంటే సన్నటి ట్యూబు ఒకటి ప్రెజర్ స్విచ్ (ఒత్తిడిని బట్టి మోటారుని వేసి ఆపేది) దాకా వెళ్తుంది. స్విచ్ కింద దాని చివర చిన్న పిన్ను ఉన్న వాల్వ్ ఉంటుంది, అదే అన్‌లోడర్. 8 బార్‌కి చేరి మోటారు ఆగగానే స్విచ్‌లోని లివరు ఆ పిన్నుని నొక్కుతుంది, హెడ్‌లోనూ లావు గొట్టంలోనూ చిక్కుకున్న గాలి తుస్సుమని బయటికి పోతుంది. దాంతో మోటారు మళ్లీ మొదలయ్యేటప్పుడు పిస్టన్ ముందు ఎదురు ఒత్తిడి ఉండదు. ఆ గాలి పోకపోతే మోటారు నిలబడ్డ చోటు నుంచే ఏకంగా ఎనిమిది బార్‌లకి ఎదురు తొయ్యాలి. చిన్న సింగిల్ ఫేజ్ మోటారుకి అంత స్టార్టింగ్ బలం ఉండదు. మూలుగుతుంది, కరెంటు లాగుతుంది, ట్రిప్ అవుతుంది.

తేల్చుకోవడం తేలిక. 8 బార్‌కి చేరి ఆగగానే ప్లగ్గు గోడ నుంచి పీకేయండి. గొట్టాలు కాలుతుంటాయి కాబట్టి చేతికి మందపాటి గ్లవ్స్, కళ్లకి అద్దాలు పెట్టుకోండి. ప్రెజర్ స్విచ్ దగ్గర ఆ సన్న ట్యూబు నట్టుని స్పానర్‌తో అర చుట్టు మాత్రమే వదులు చేయండి. ఇక్కడ మూడింట్లో ఒకటి జరుగుతుంది.

ఒకటి రెండు సెకన్లు గాలి తన్నుకొచ్చి ఆగిపోతే నాన్ రిటర్న్ వాల్వ్ బాగుంది, అన్‌లోడర్ మూసుకుపోయింది. తిరిగి బిగించి ప్లగ్గు పెట్టండి, గాలి వదులుతూ 6 బార్‌కి దింపండి. ఈసారి స్టార్ట్ అయిందంటే మోటారు మీద పడ్డ నింద తొలగినట్టే.

గాలి ఆగకుండా వస్తూనే ఉందంటే ట్యాంకు గాలే వెనక్కి వస్తోంది, అంటే నాన్ రిటర్న్ వాల్వ్ కూడా పట్టడం లేదు. నట్టు బిగించేసి, ట్యాంకు పూర్తిగా ఖాళీ చేశాకే దాని జోలికి వెళ్లండి.

అసలేమీ రాకపోతే హెడ్‌లో ఒత్తిడి లేదు. అప్పుడు మోటారు కదలడానికి మొదటి ఊపు ఇచ్చే కెపాసిటర్ వైపు, కరెంటు సప్లై వైపు చూడాలి.

ఈ పని ఆగిన వెంటనే చేయాలి. ఆలస్యమైతే చిక్కుకున్న గాలి వాల్వుల సందుల్లోంచి, పిస్టన్ రింగుల పక్కనుంచి దానంతటదే జారిపోతుంది, పరీక్ష మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది. ఒక పావుగంట వదిలేస్తే మళ్లీ తిరుగుతుందని చాలామంది చెప్పే కంప్రెసర్ల కథ ఇదే. మోటారు చల్లబడింది కాబట్టి తిరిగిందని అనుకుంటారు.

అన్‌లోడర్ మూసుకుపోయిందని తేలితే, ప్లగ్గు పీకి ఉండగానే స్విచ్ మూత తీసి ఆ పిన్నుని వేలితో నొక్కి చూడండి. నొక్కితే లోపలికి వెళ్లి వదలగానే తిరిగొస్తే పిన్ను బాగుంది, లివరు దాని దాకా చేరడం లేదు. బిగుసుకుపోయి ఉంటే దాంట్లో తుప్పూ, ఆయిల్ జిగురూ చేరాయి. కొన్ని స్విచ్‌లకి అన్‌లోడర్ ఒక్కటే విడిగా దొరుకుతుంది. దొరక్కపోతే స్విచ్ మొత్తం మార్చేయండి, పెద్ద ఖర్చేం కాదు. మూత తీసినప్పుడు కాంటాక్టులు కూడా చూడండి. నల్లగా కాలి గుంతలు పడి ఉంటే ఎలాగూ స్విచ్ మార్చాల్సిందే. కొత్తదాని కట్ ఇన్, కట్ అవుట్ (మోటారు మొదలయ్యే, ఆగే) ప్రెజర్లు పాతదానివే అయి ఉండాలి. ఎక్కువ బార్ది పెడితే ఎక్కువ గాలి వస్తుంది కదా అనే ఆలోచన వద్దు.

నాన్ రిటర్న్ వాల్వ్‌లో ఉండేది ఒక స్ప్రింగు, ఒక రబ్బరు లేదా ప్లాస్టిక్ బిళ్ల. బిళ్లకి సీటుకి మధ్య ఒక్క కార్బన్ పెచ్చు ఇరుక్కున్నా చాలు, గాలి వెనక్కి జారుతుంది. విప్పి తుడవండి. బిళ్ల మీద లోతుగా గాడి పడి ఉంటే మార్చండి.

హెడ్‌లో ఒత్తిడి లేకపోయినా మూలుగుతోందంటే కెపాసిటర్ని అనుమానించాలి. మెకానిక్‌లు కండెన్సర్ అనేది దీన్నే. దాని మీద మైక్రోఫారడ్లు రాసి ఉంటాయి. కెపాసిటెన్స్ కొలిచే మల్టీమీటర్‌తో చూస్తే, రాసినదానికంటే పది శాతానికి మించి తగ్గి ఉంటే అది ముసలిదైపోయింది. ముట్టుకునే ముందు రెండు టెర్మినళ్ల మధ్య ఒక రెసిస్టర్ గానీ పాత ఫిలమెంట్ బల్బు గానీ పెట్టి దాంట్లోని చార్జి దించేయాలి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి నిప్పురవ్వలు చూపించే అలవాటు కొందరికి ఉంటుంది, మీరు మాత్రం చేయకండి. కొత్తది అదే మైక్రోఫారడ్లది, అంతే లేదా అంతకంటే ఎక్కువ వోల్టేజి రేటింగుది కావాలి. మైక్రోఫారడ్లు పెంచితే మోటారుకి బలం పెరగదు, వైండింగ్ వేడెక్కుతుంది.

సప్లై సంగతి తీసిపారేయకండి. మీరు పొడుగాటి ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడుపుతున్నారేమో చూసుకోండి. మొదలయ్యే క్షణంలో మోటారు మామూలు కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది. వైరు సన్నగా, పొడుగ్గా ఉంటే వోల్టేజి అక్కడే పడిపోతుంది. స్టార్టింగ్ బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వోల్టేజి పది శాతం తగ్గితే బలం దాదాపు ఇరవై శాతం తగ్గుతుంది. దూరం కావాలంటే గాలి పైపు పొడుగు పెంచుకోండి, కరెంటు వైరు కాదు.

ఇక రెండో జబ్బు, నిండటం ఆలస్యమవడం. ఇది వేరే జబ్బు. అన్‌లోడర్ బాగు చేసినా పోదు.

ముందు లెక్క చూద్దాం. 24 లీటర్ల ట్యాంకుని సున్నా నుంచి 8 బార్‌కి నింపాలంటే బయటి గాలి 24 × 8, అంటే 192 లీటర్లు లోపలికి తోయాలి. రెండు నిమిషాల్లో నింపినప్పుడు మీ పంపు నిమిషానికి సగటున 96 లీటర్లు ఇచ్చింది. ఐదు నిమిషాలంటే 38 లీటర్లే. అరవై శాతం గాలి ఎక్కడికో పోతోంది. డబ్బా మీద ఏ అంకె రాసున్నా, వాచీ పెట్టుకుని ఇలా తీసిన లెక్కే అసలు లెక్క. రిపేరు చేశాక కూడా ఇదే కొలత తీసి చూడండి. ఒకటి గుర్తుంచుకోండి: కొలిచే ముందు ట్యాంకులో నీళ్లు పూర్తిగా దించేయాలి. నాలుగు లీటర్ల నీళ్లున్న ట్యాంకు మీకు 20 లీటర్ల ట్యాంకే, త్వరగా నిండి మోసం చేస్తుంది.

పోయే గాలి బయటికి పోతోందా, పంపులోనే తిరుగుతోందా అన్నది తర్వాతి ప్రశ్న. 8 బార్‌కి నింపి, ప్లగ్గు పీకి, అవుట్‌లెట్ ట్యాప్ మూసి ఒక గంట వదిలేయండి. మొదట కాస్త దిగడం సహజం, వేడి గాలి చల్లబడుతుంది. తర్వాత కూడా ప్రెజర్ గేజీ ముల్లు దిగుతూనే ఉంటే లీకు ఉన్నట్టే. సబ్బు నీళ్లు పూస్తే దొరికిపోతుంది. నింపేటప్పుడు మాత్రమే సన్నగా బుస వినిపిస్తుంటే హెడ్ నుంచి వచ్చే గొట్టం నట్లు, అన్‌లోడర్ చూడండి.

బయట లీకు లేకపోతే గాలి పీల్చే చోటి ఫిల్టరు ఊడదీసి, అది లేకుండా కొద్దిసేపు నడిపి చూడండి. పుంజుకుంటే ఫిల్టరు మారిస్తే సరిపోతుంది. లేకపోతే నడుస్తుండగా గాలి పీల్చే రంధ్రం ముందు అరచేయి ఉంచండి. చేతిని లోపలికి పీల్చాలి. పీల్చి మళ్లీ బయటికి ఊదుతుంటే పీల్చే వైపు రీడ్ వాల్వ్ (గాలికి తెరుచుకుని మూసుకునే పల్చటి రేకు) విరిగింది, లేదా కింద చెత్త పడి పూర్తిగా మూసుకోవడం లేదు. ఊదడం లేదుగానీ హెడ్ విపరీతంగా వేడెక్కి, ప్రెజర్ మూడు నాలుగు బార్‌ల దగ్గరే నిలిచిపోతుంటే హెడ్ గాస్కెట్‌లో (హెడ్ కింద గాలి పోకుండా వేసే పల్చటి షీటు) పీల్చే, తోసే గదుల మధ్య అడ్డు తెగి, నొక్కిన గాలే మళ్లీ పీల్చే వైపుకి వస్తూ ఉండొచ్చు. గాలిని ట్యాంకులోకి తోసే వైపు వాల్వ్ రేకు పట్టకపోయినా ఇలాగే ఉంటుంది. ఆయిల్ పోసే మూతకి ఉన్న బ్రీదర్ (గాలి పోయే రంధ్రం) నుంచి గుప్పుగుప్పుమని పొగలాంటి గాలి, బయటికొచ్చే గాలిలో ఆయిల్ తుంపర కనిపిస్తే రింగులు అరిగాయి.

మీది ఐదు నిమిషాలు పట్టినా 8 బార్‌కి చేరుతోంది కాబట్టి గాస్కెట్ కంటే వాల్వ్ ప్లేటు మీదే నాకు ఎక్కువ అనుమానం. హెడ్ విప్పడానికి సాధారణంగా నాలుగు బోల్టులే. దాని కింద వాల్వ్ ప్లేటు, ప్లేటు మీద పల్చటి స్టీలు రేకులు. రేకుని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని ప్లేటు మీద ఆనించి చూడండి. ఎక్కడైనా గీతలాంటి వెలుగు కనిపించిందంటే అక్కడి నుంచి గాలి జారుతోంది. నల్లటి కార్బన్ పెచ్చులని కిరోసిన్‌లో నానబెట్టి ఇత్తడి బ్రష్‌తో తీయండి, రేకుని వంచకండి. ప్లేటు కాస్త గరుకైతే దళసరి అద్దం మీద వెయ్యి నంబరు వాటర్ పేపర్ పరిచి, నూనె చుక్కలు వేసి ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి.

గాస్కెట్ మాత్రం అసలుదే వేయాలి. చేతికందిన షీటు కత్తిరించి, సిలికాన్ పేస్టు పూసి బిగించడం చాలాచోట్ల చూస్తుంటాం. హెడ్‌లో గాలి 150 డిగ్రీలు దాటొచ్చు, ఆ పేస్టు ఎన్నాళ్లు నిలుస్తుంది? అంతకంటే పెద్ద సంగతి మందం. గాస్కెట్ మందంగా ఉంటే పిస్టన్ పైకి వచ్చినా దాని నెత్తిన కొంత ఖాళీ మిగిలిపోతుంది. అక్కడ నొక్కుకుపోయిన గాలి బయటికి వెళ్లకుండా, పిస్టన్ దిగేటప్పుడు మళ్లీ వ్యాకోచించి కొత్త గాలిని రానివ్వదు. ప్రెజర్ పెరిగేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. పల్చగా ఉంటే పిస్టన్ ప్లేటుకి తగిలే ప్రమాదం. బోల్టులు ఎదురెదురువి మార్చి మార్చి, రెండు మూడు దఫాలుగా బిగించాలి.

విప్పారు కాబట్టి ఆయిల్ కూడా మార్చండి. కంప్రెసర్ ఆయిలే పోయండి, చిన్న కంప్రెసర్లలో చాలావాటికి ఐఎస్ఓ 100 గ్రేడు (ఆయిల్ చిక్కదనం అంకె) చెప్తారు, మీ పుస్తకంలో ఉన్నదే ఖాయం. బండి ఇంజన్ ఆయిల్‌లో ఉండే డిటర్జెంట్ నీటిని తనలో కలుపుకుని ఉంచుతుంది, వాల్వుల మీద కార్బన్ కూడా ఎక్కువ పేరుస్తుంది. పాత ఆయిల్ పాలల్లే తెల్లగా వస్తే నీళ్లు చేరాయన్నమాట. ఆయిల్ ఫ్రీ రకం వాడేవాళ్లు ఇది చదివి దాంట్లో ఆయిల్ చుక్క వేయకండి. దాని పిస్టన్‌కి టెఫ్లాన్ సీలు ఉంటుంది. నూనె పడితే దుమ్ము అంటుకుని సీలూ, సిలిండర్ స్లీవూ రెండూ గీకుపోతాయి.

అయితే ఇంత పనీ మొదలుపెట్టే ముందు చూడాల్సింది ఒకటుంది. రిపేరా, కొత్తదా అని నన్నడిగితే నేను మోటారునీ పంపునీ చూసి చెప్పను, ట్యాంకుని చూసి చెప్తాను. మిగతావన్నీ మార్చుకునే భాగాలు. ట్యాంకు పోతే మిగతావాటి మీద పెట్టిన డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరే.

ట్యాంకు లోపలి నుంచి తింటూ వస్తుంది. 30 డిగ్రీల దగ్గర తేమతో నిండిన ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 30 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలిని 8 బార్‌కి నొక్కి మళ్లీ అదే వేడికి చల్లారిస్తే తొమ్మిదో వంతు ఆవిరే నిలుస్తుంది, మిగతాదంతా నీళ్లై అడుగున చేరుతుంది. అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్గు ఎప్పుడు తిప్పారో మీరు రాయలేదు. ఒకటి రెండు బార్‌లు మాత్రమే ఉంచి, పాత గుడ్డ అడ్డం పెట్టి మెల్లగా తిప్పండి. స్వచ్ఛంగానో, టీ రంగులోనో కొద్ది నీళ్లు వస్తే మామూలే. ఎర్రమట్టి బురదలా, పెచ్చులతో వస్తే ట్యాంకు పల్చబడుతోందని అనుకోవాలి. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యాక డ్రెయిన్ ప్లగ్గు ఊడదీసి, సన్నటి కెమెరా వైరు ఉంటే లోపల చూడండి. బయట అడుగు భాగం, కాళ్లు అతికిన వెల్డింగుల చుట్టూ రంగు పొంగిందేమో తడమండి. సబ్బు నీటికి ట్యాంకు ఒంటి మీద, అంటే జాయింటు కాని చోట, ఒక్క బుడగ వచ్చినా దాని పని అయిపోయింది.

అలాంటి చిల్లుకి వెల్డింగ్ చుక్క, బ్రేజింగ్, ఎపాక్సీ ఏదీ మందు కాదు. చిల్లు పడ్డ చోటు చుట్టూ రేకంతా కాగితంలా పల్చబడి ఉంటుంది. వేడికి అది ఇంకా చెడుతుంది. 24 లీటర్ల ట్యాంకులో 8 బార్ దగ్గర నిలవున్న శక్తి 20 కిలోజౌళ్ల ప్రాంతంలో ఉంటుంది, అంటే టన్ను బరువుని రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే వచ్చేంత. చిల్లు పడి బుస్సుమని పోవడం అదృష్టం కొద్దీ జరిగేది, అతుకు వేశాక పొడుగునా చీలడం అసలు ప్రమాదం. పాడైన ట్యాంకుకి డ్రిల్లుతో పెద్ద రంధ్రం చేసి పారేయండి, ఇంకెవరూ బాగు చేసి వాడకుండా ఉంటారు. దాని బదులు పాత గ్యాస్ సిలిండర్ తగిలించే తెలివితేటలకీ పోకండి. సేఫ్టీ వాల్వ్ (ఒత్తిడి మితిమీరితే గాలిని వదిలేసేది) రింగు లాగి చూడండి, గాలి వచ్చి మళ్లీ మూసుకోవాలి. లీకవుతోందని దానికి ప్లగ్గు కొట్టడం మాత్రం చావుని పిలవడమే.

కాబట్టి నేను మీ చోట ఉంటే చేసేది ఇది. ట్యాంకు చెడితే అక్కడితో ఆపి కొత్తది. ట్యాంకు బాగుంటే అన్‌లోడర్, వాల్వ్ ప్లేటు కిట్టు, ఆయిల్, ఫిల్టరు. సిలిండర్ గోడ మీద గోరుకి తగిలేంత గీతలుండి, రింగులతో పాటు సిలిండరు కూడా కావాలంటే మాత్రం లెక్క వేసుకోండి. విడిభాగాల ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే నేను రిపేరు చేయించను. వైండింగ్ నిజంగా కాలితే (మూత తీయగానే ఆ మాడు వాసన తెలిసిపోతుంది) ఇంత చిన్న డైరెక్ట్ డ్రైవ్‌కి అది కూడా అదే లెక్కలోకి వస్తుంది.

కొనాల్సి వస్తే హార్స్ పవర్ చూసి, ట్యాంకు సైజు చూసి కొనకండి. ట్యాంకు గాలిని దాస్తుంది అంతే, తయారు చేయదు. మీ టూలు నిమిషానికి ఎన్ని లీటర్లు తాగుతుందో, పంపు 6, 7 బార్ దగ్గర నిజంగా ఎంత ఇస్తుందో పోల్చండి. పెద్దక్షరాల్లో రాసేది చాలాసార్లు సిలిండరు ఘనపరిమాణాన్ని చుట్లతో గుణించిన అంకె, చేతికొచ్చేది అంతకంటే బాగా తక్కువ. సీఎఫ్ఎంలో (నిమిషానికి ఘనపుటడుగులు) రాస్తే ఒకటికి 28 లీటర్లు చొప్పున వేసుకోండి. మేకులు కొట్టే గన్నుకి, టైర్లకి చిన్నది చాలు. స్ప్రే పెయింటింగ్, గ్రైండరు లాంటివి ఆగకుండా తాగుతాయి, వాటికి మీ సైజు పంపు ఎప్పటికీ ఆయాసపడుతూనే ఉంటుంది. ఇంట్లో వాడేట్టయితే నిమిషానికి 2800 చుట్ల దానికంటే 1400 చుట్లది తీసుకోండి, చెవులకి చాలా తేడా ఉంటుంది.

12 వోల్టుల పంపు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. కారు సాకెట్‌లో పెట్టే ప్లగ్గు కొన దగ్గరి మూత చేత్తో తిప్పితే ఊడుతుంది, లోపల స్ప్రింగు, చిన్న గాజు ఫ్యూజు ఉంటాయి. అందులో తీగ తెగిందేమో చూడండి, తర్వాత కారు ఫ్యూజు బాక్సులో ఆ సాకెట్ ఫ్యూజు చూడండి. ఇవి 10 ఆంపియర్ల చుట్టూ లాగుతాయి, అక్కడ ముందున్న ఫ్యూజు కంటే పెద్దది వేస్తే వైరు కాలొచ్చు. మోటారు తిరుగుతూ గాలి రాకపోతే ముందు టైరుకి తగిలించే కొనలో రబ్బరు వాషరు చూడండి. అది బాగుండి కూడా గాలి రాకపోతే లోపల ప్లాస్టిక్ పళ్ల చక్రం వేడికి కరిగి ఉండొచ్చు, దాన్ని విప్పి టైము వృథా చేసుకోకండి. కొత్తది తెచ్చాక పది నిమిషాలు నడిపితే పది నిమిషాలు ఆపండి.